మొదటి పేజీలో చోటెవరికి?

2025–26 విద్యా సంవత్సరపు ప్రవేశాలు జరుగుతున్న రోజుల్లో, పటాన్‌చెరు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి నా గదికి వచ్చి, ఫోన్‌ను బల్లమీద పెట్టి ఒక ప్రశ్న అడిగాడు. ‘‘సార్, మేము బీ గ్రూపా, రెండో గ్రూపా?’’ ఆ అబ్బాయి తండ్రి పాశమైలారంలో కాంట్రాక్టు కార్మికుడు. ఆ ఇంటి నుంచి కళాశాల దాకా వచ్చిన మొదటి మనిషి అతడే. కొత్త కుల ధ్రువీకరణ పత్రం కోసం మీసేవ కేంద్రానికి వెళ్లబోయే ముందు, తన హక్కేమిటో తానే తెలుసుకుందామని ఫోన్‌లో తెలుగులో వెతికాడు. మొదట కనిపించిన పేజీ ఎస్సీ కులాలు ఏ, బీ, సీ, డీ అనే నాలుగు వర్గాలనీ, మాదిగలకు ‘బీ’ కింద 7 శాతం వస్తుందనీ చెప్పింది. దాని కింది పేజీ గ్రూపులు మూడేనంటూ, రెండో గ్రూపుకు 6.5 శాతం అంది. రెండు పేజీల నెత్తినా ఆ నెల తేదీయే ఉంది.

మొదటి పేజీ చెప్పింది చచ్చిపోయిన చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ఏర్పడిన ఆ నాలుగు వర్గాల విభజనను, 2004 నవంబరు 5న ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రెండో పేజీ చెప్పింది బతికి ఉన్న చట్టమే గానీ, పొరుగు రాష్ట్రానిది. 6.5 శాతం లెక్క 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన వర్గీకరణలోనిది. తెలంగాణ విద్యార్థికి వర్తించేది ఈ రెండూ కాదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దవీందర్ సింగ్ కేసులో వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పిన తరువాత, తెలంగాణ శాసనసభ చేసిన చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులు. మొదటి గ్రూపులోని 15 కులాలకు 1 శాతం, రెండో గ్రూపులోని 18 కులాలకు 9 శాతం, మూడో గ్రూపులోని 26 కులాలకు 5 శాతం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా నుంచి లెక్కవేస్తే ముప్పై ఏళ్ల ఉద్యమ ఫలం అది. వర్గీకరణను సమర్థించినవారూ, వ్యతిరేకించినవారూ ఉన్నారు. ఆ చర్చ వేరు. కానీ ఇంత సుదీర్ఘ పోరాటం తరువాత వచ్చిన ఒక హక్కు, దాని హక్కుదారుడు వెతికినప్పుడు అతని చేతికి అందకుండా ఎవరు అడ్డుపడ్డారన్నదే ఇక్కడ ప్రశ్న.

దానికి జవాబు ఒక వ్యాపారం. సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, క్లుప్తంగా ఎస్ఈఓ. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో భాగంగా బోధించే విద్య ఇది. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో కనిపెట్టడం, ఆ మాటలను శీర్షికలోనూ ఉపశీర్షికల్లోనూ పొదగడం, ఇతర సైట్ల నుంచి లింకులు సంపాదించడం, పేజీ త్వరగా తెరుచుకునేలా చూడడం. ఇందులో తప్పేమీ లేదు. ఒక మంచి పుస్తకానికి విషయసూచిక చేర్చడం వంటిదే ఇది. తప్పు మొదలయ్యేది వేరేచోట. పేజీలో చెప్పవలసిన విషయం లేకపోయినా వరుసలో ముందు నిలబెట్టడమే పనిగా మారినప్పుడు, పాత వ్యాసానికి కొత్త తేదీ అంటించినప్పుడు, ఒకే ప్రశ్నను పది రకాలుగా తిరగరాసి జవాబు చెప్పకుండా చదువరిని ప్రకటనల మధ్య నడిపించినప్పుడు. ఆ పేజీ రాసినవారికి ఎస్సీ వర్గీకరణ మీద ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. ఆ వారం ఎక్కువమంది వెతికిన మాట అది. అంతే.

సెర్చ్ ఇంజిన్ సంస్థలకు ఈ సంగతి తెలియనిది కాదు. గూగుల్ వ్యవస్థాపకులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో తమ యంత్రాన్ని వివరిస్తూ రాసిన పరిశోధన పత్రంలోనే, ప్రకటనల ఆదాయంతో నడిచే సెర్చ్ ఇంజిన్లు వెతికేవారి అవసరం కంటే ప్రకటనదారుల వైపే మొగ్గుతాయని హెచ్చరించారు. తరువాత అదే ఆదాయంతో ఆ సంస్థ ప్రపంచాన్ని ఏలింది. నాసిరకం పేజీల మీద 2011లో ‘పాండా’ పేరుతో, కొనుగోలు లింకుల మీద 2012లో ‘పెంగ్విన్’ పేరుతో, కుప్పలుతెప్పలుగా తయారుచేసే పేజీల మీద 2024 మార్చిలో కొత్త నిబంధనలతో గూగుల్ దండెత్తుతూనే ఉంది. అయినా జర్మనీ పరిశోధకులు 7,392 వస్తు సమీక్షల ప్రశ్నలను ఏడాదిపాటు మూడు సెర్చ్ ఇంజిన్లలో పరిశీలించి 2024లో ప్రకటించిన ఫలితం గమనించదగినది. వరుసలో పైకి వచ్చిన పేజీల్లో ఎస్ఈఓ మెరుగులూ, కమీషన్ లింకులూ ఎక్కువ. రాతలో నాణ్యత తక్కువ. అంగబలం ఉన్న ఇంగ్లీషులోనే పరిస్థితి ఇది. పోటీకి నిలిచే మంచి పేజీలు తక్కువగా ఉన్న తెలుగులో ఒక చెత్త పేజీ మొదటి స్థానానికి ఎగబాకడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు.

ఈ వ్యాపారానికి మన సమాజం అందించిన ముడిసరుకు ఏమిటో కూడా చెప్పుకోవాలి. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచిన రోజుల్లో, ఆమె పేరుతో జోడించి దేశంలో విపరీతంగా వెతికిన మాట ‘కులం’. ఆ వెతుకులాటలో తెలుగు రాష్ట్రాలు ముందు వరుసలో నిలిచాయన్న వార్త అప్పట్లో మనల్ని సిగ్గుపడేలా చేసింది. 2021 ఆగస్టులో టోక్యోలో ఆమె కాంస్యం గెలిచినప్పుడూ అదే పునరావృతమైంది. అంటే ఐదేళ్లలో ఆమె పతకాలు పెరిగాయి, మన ప్రశ్న మారలేదు. అయితే కథ అక్కడితో ఆగదు. వెతికినవారి ఆత్రుత వెతికినంత సేపే ఉంటుంది. సెర్చ్ ఇంజిన్ దాన్ని లెక్కలోకి తీసుకుని తరువాతి మనిషి టైపు చేస్తుండగానే ‘కులం’ అన్న మాటను సూచనగా అందిస్తుంది. అడగాలనుకోని వాడి నోటికి కూడా ప్రశ్నను అందించడమన్నమాట. ఆ సూచనను చూసి ఎస్ఈఓ రచయితలు పేజీలు సిద్ధం చేస్తారు. వయసు, ఎత్తు, ఆస్తి, భార్య, కులం అంటూ ఒక పట్టిక. నటుడైనా, క్రీడాకారిణి అయినా, కొత్తగా ఎన్నికైన సర్పంచ్ అయినా అదే పట్టిక. ఆధారం ఉండదు, ఇంటిపేరు చూసి ఊహించిన కులమే ఉంటుంది. ఒక సైటు రాసిన ఊహను ఇంకొకటి ఎత్తిరాస్తుంది. నాలుగు సైట్లలో కనిపించేసరికి అది ‘నిజం’ అయిపోతుంది. పేరు చివర తోక కత్తిరించుకుని కులాన్ని దాటాలనుకున్న మనిషికి ఈ పట్టిక మళ్లీ తోక తగిలిస్తుంది. కులం బయటపడితే అద్దె ఇల్లు దొరకని దళితుడి విషయంలో ఇది కాలక్షేపం కాదు, హాని.

పెళ్లిళ్ల మార్కెట్టు సంగతి సరేసరి. సెర్చ్ ఫలితాల్లో తన సొంత సేవలకు అనుచితంగా ముందుచోటు కల్పించుకుందంటూ భారత పోటీ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ కేసులో ఫిర్యాదుదారుల్లో ఒకరు, కులానికొక వివాహ వేదిక నడిపే మ్యాట్రిమొనీ సంస్థే. సెర్చ్‌లో చోటు కోసం రెండు వ్యాపారాలు కొట్లాడుకున్నాయి. ఆ చోటులో కులాన్ని అమ్మవచ్చునా అన్న ప్రశ్న ఎవరి ఫిర్యాదులోనూ లేదు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో దళిత కార్యకర్త తేన్‌మొళి సౌందరరాజన్ ప్రసంగాన్ని ఉద్యోగుల అభ్యంతరాలతో గూగుల్ రద్దు చేయడం, దాన్ని ఏర్పాటు చేసిన అధికారిణి తనూజా గుప్తా రాజీనామా చేయడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కులం పేరుతో వచ్చే వెతుకులాటలన్నిటినీ నిత్యం వరుసపెట్టే సంస్థ, తన గదిలో కులం గురించి ఒక గంట మాట్లాడనివ్వలేకపోయింది.

కనుక నేను చెప్పదలచింది ఇదే. ఒకరి కులం ఏమిటని ఆరా తీసేవారికి తెలుగు ఇంటర్నెట్‌లో పేజీలకు కొదవ లేదు. కులం వల్ల కోల్పోయినదాన్ని తిరిగి పొందడమెలా అని అడిగేవారికి మాత్రం సరైన పేజీ ఒక్కటి దొరకడం గగనం. ఈ తేడా యంత్రం తప్పిదం కాదు. ఏ ప్రశ్నకు డబ్బు వస్తుందో ఆ ప్రశ్నకు జవాబులు పుడుతున్నాయి. సెర్చ్ నాణ్యత గురించి ఇంగ్లీషులో జరిగే చర్చ కొనుగోలుదారుడి చుట్టూ తిరుగుతుంది: మంచి మిక్సీ దొరికిందా, లేదా అని. మన దగ్గర అది పౌరహక్కుల ప్రశ్న.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాన్నే చూడండి. ఒకసారి తరగతిలో విద్యార్థులను తమ ఊరి పేరు ఫోన్‌లో వెతకమన్నాను. తెరల నిండా ఓపెన్ ప్లాట్లు, అపార్టుమెంట్లు, ఔటర్ రింగ్ రోడ్డుకు ఎన్ని నిమిషాల దూరమో చెప్పే ప్రకటనలు. ఆ భూముల కింద నీళ్ల సంగతి ఏ పేజీ చెప్పలేదు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలైంది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్టు స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ప్రపంచ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పేరు నేర్చుకున్నది ఆ పత్రం వల్లనే. నక్కవాగు ఒడ్డున పొలాలు పోగొట్టుకున్న రైతులు, వాగునీళ్లు తాగి పశువులు చచ్చిపోయిన కుటుంబాలు దశాబ్దాలుగా చెబుతున్నదీ అదే. కానీ వారి వాంగ్మూలం కోర్టు ఫైళ్లలో, ఇంగ్లీషు జర్నళ్లలో ఉంది. ప్లాటు అమ్మేవాడికి ఎస్ఈఓ చేయించే స్తోమత ఉంది. వాగు ఒడ్డు ఊరికి లేదు. అబద్ధం చెప్పనక్కరలేదు, నిజాన్ని మూడో పేజీకి తోసేస్తే చాలు. మూడో పేజీ దాకా వెళ్లేదెవరు?

ఈ పారిశ్రామికవాడల్లో ప్రమాదకరమైన పనులు ఎవరి వాటాకు వస్తాయో ఇక్కడ పాఠాలు చెప్పేవారందరికీ తెలుసు. దళిత, ఆదివాసీ, వెనుకబడిన, మైనారిటీ కుటుంబాల పిల్లలు. ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వలస వచ్చినవారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను పొట్టనబెట్టుకుంది. అటువంటి కుటుంబానికి ఇంటర్నెట్ దేనికి కావాలి? భవిష్యనిధి డబ్బు ఎలా తీసుకోవాలి, ఈఎస్ఐ పింఛను ఎవరికి వస్తుంది, పరిహారం దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి అన్న ప్రశ్నలకు. సరిగ్గా ఈ ప్రశ్నల దగ్గరే మోసగాళ్లు కాపు కాస్తారు. 2018లో ముంబైలోని భవిష్యనిధి కార్యాలయం ఫోన్ నంబరును గూగుల్‌లో దుండగులు మార్చివేశారు. సహాయం కోసం ఫోన్ చేసినవారి బ్యాంకు వివరాలు దోచుకున్నారు. సెర్చ్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్లను నమ్మవద్దని మన పోలీసులు పదేపదే హెచ్చరిస్తూనే ఉన్నారు. సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. నష్టం జరిగిన తరువాత చేసే ఫోన్ అది.

దీనికి తరచూ వినిపించే సమాధానం ఒకటుంది. ‘‘అధికారిక వెబ్‌సైటే చూడాలి, మొదట కనిపించింది నమ్మితే ఎవరిది తప్పు?’’ అని. చదువుకున్న ఇంట్లో పుట్టినవాడికి ఫోన్‌లో సందేహం వస్తే అడగడానికి బాబాయి గుమాస్తాగానో, అక్క లాయరుగానో ఉంటుంది. వాళ్లకు సెర్చ్ అనేకానేక దారుల్లో ఒకటి. మొదటి తరం విద్యార్థికి అదే ఏకైక దారి. ఒకే తప్పుడు పేజీ ఇద్దరికీ కనిపిస్తుంది, నష్టం మాత్రం ఒకడికే. అంబేద్కర్ నాయకత్వంలో 1927 మార్చిలో మహద్‌లో దళితులు చౌదార్ చెరువు నీళ్లు తాగడానికి వెళ్లేనాటికి, ఆ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం తీర్మానం చేసి ఉంది. తీర్మానం ఉంది, నీళ్లున్నాయి, దగ్గరికి వెళ్లే దారే లేదు. కాగితం మీది హక్కుకూ, చేతికందే హక్కుకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఈ కాలంలో కొలవాలంటే సెర్చ్ ఫలితాల్లోనూ కొలవాలి.

అధికారిక సైట్లు చూడమనేవారు ఆ సైట్లను ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడాలి. ఉత్తర్వును స్కాన్ చేసి బొమ్మగా పెడతారు. అందులోని అక్షరాలను యంత్రం చదవడం కష్టం. తెలుగు ప్రతి ఉన్నా పాత అను ఫాంట్లలో ఉంటే అదీ సెర్చ్‌కు దొరకదు. ఉత్తర్వు భాష ఇంగ్లీషు, విద్యార్థి వెతికే భాష తెలుగు. ఇలా ప్రభుత్వం ఖాళీగా వదిలేసిన చోటునే ఎస్ఈఓ వ్యాపారి ఆక్రమించాడు. ఖాళీ స్థలానికి కంచె వేయకుండా ఆక్రమణదారుణ్ణి తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. 2008 నుంచి జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు. చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి వారికి తెలిసింది పుస్తకాలకెక్కనిది. అక్షరాల్లో లేని ఆ జ్ఞానాన్ని అక్షరాలను మాత్రమే వరుసపెట్టే యంత్రం ఎక్కడ చూపిస్తుంది? ఇప్పుడు జాబితా పైన కృత్రిమ మేధ రాసిచ్చే సారాంశం కూడా వచ్చి చేరింది. అది వండేదీ ఉన్న పేజీల నుంచే. పేజీల్లో తప్పుంటే సారాంశంలో అదే తప్పు మరింత నమ్మకంగా కనిపిస్తుంది.

ఏం చేయాలి? మొదటి బాధ్యత ప్రభుత్వానిదే. వర్గీకరణ, ఉపకార వేతనాలు, కుల ధ్రువీకరణ, కార్మిక పరిహారం వంటి విషయాలపై ప్రతి ఉత్తర్వుకూ యూనికోడ్ తెలుగులో, ఏ రాష్ట్రానికి ఏ తేదీ నుంచి వర్తిస్తుందో మొదటి వాక్యంలోనే చెప్పే ఒక చిన్న పేజీ పెట్టాలి. అది ఖర్చుతో కూడిన పని కాదు. అది కూడా ఎస్ఈఓయే, ధర్మబద్ధమైన ఎస్ఈఓ. రెండో బాధ్యత సెర్చ్ సంస్థలది. ఒక వ్యక్తి పేరు పక్కన కులాన్ని సూచనగా అందించడం ఆపాలి. అదే సమయంలో కులం అన్న మాటనే నిషేధిస్తే అసలుకే మోసం. ధ్రువీకరణ పత్రం వెతికే విద్యార్థికీ, అత్యాచారాల నిరోధక చట్టం వెతికే బాధితురాలికీ ఆ మాట కావాలి. మనిషి కులాన్ని ఆరా తీయడం వేరు, కుల వివక్ష మీద హక్కును వెతకడం వేరు. ఈ తేడా తెలిసినవారు తెలుగు ఫలితాల నాణ్యతను పరిశీలించాలి.

మూడో బాధ్యత మనది. ఈ పేజీలు రాసేవారు ఎక్కడో లేరు. మా దగ్గర డిగ్రీ, పీజీ చేసి ఉద్యోగం దొరక్క పేజీకింత అని రాసే పిల్లలు వారు. వారిలో దళిత, బహుజన విద్యార్థులూ ఉన్నారు. తన చెల్లెలు వెతికితే ఈ పేజీ ఆమెకు ఉపయోగపడుతుందా అన్న ఒక్క ప్రశ్న వారు వేసుకోగలిగితే, ఆ ప్రశ్న వేసుకోవాలని తరగతిలో మేము చెప్పగలిగితే, అదే ఈ వృత్తికి నీతిశాస్త్రం. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కూడా ఆత్మపరిశీలన చేసుకోవాలి. సంపాదకీయ పుటలో కులనిర్మూలన, వెబ్ శీర్షికలో ‘ఆ హీరోయిన్ కులం ఇదే’ అన్న రెండు నాల్కల ధోరణి ఎంతకాలం? విద్యార్థి సంఘాలు గోడ మీద రాసే నినాదాలతోపాటు తెలుగు వికీపీడియాలో తమ ఊరి పేజీలో వాగు చరిత్రను, కార్మికుల చరిత్రను ఆధారాలతో చేర్చే పనికి పూనుకోవాలి. మనం రాయని పేజీ స్థానంలో మరొకరు రాసిన పేజీ ఉంటుంది.

ఆ విద్యార్థికి చివరికి సరైన జవాబు దొరికింది. ఫోన్‌లో కాదు, తహసీల్దారు కార్యాలయంలో ఒక ఉద్యోగి గోడకు అంటించిన కాగితం మీద. రెండో గ్రూపని రాసి ఉన్న పత్రం తెచ్చి చూపించి, వెళ్తూ వెళ్తూ ఇంకో ప్రశ్న వేశాడు. ‘‘మరి ఆ తప్పు పేజీ మొదట ఎందుకొచ్చింది సార్?’’ మొదట ఉన్నది మొదట ఉండదగినదేనా అని అడగడమే ఈ నేల మీద సామాజిక న్యాయోద్యమాలన్నీ చేసిన పని. అతడు ఆ ప్రశ్నను తన ఫోన్‌ను చూసి అడిగాడు. దానికి జవాబు చెప్పవలసినవారిలో నేనూ ఉన్నానని ఈ వ్యాసం.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)